వద్దన్న తలుపు

మా ఆయన చేతికి నూనె సీసా అందకుండా చూసుకోవాలన్న సంగతి పెళ్ళైన కొత్తలోనే నాకు తెలిసొచ్చింది. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఎక్కడ కిర్రుమన్నా ఎవరో తనని తిట్టినట్టు బాధపడే మనిషి. లిఫ్టు తలుపు మూసుకుంటే లోపలున్నవాడికి కూడా తెలియకూడదు, అదీ పనంటే, అని ఇప్పటికీ మీసం దువ్వుకుంటారు. ఆయన రిటైరైన ఏడాది నేను నా కుట్టుమిషను షాపుకి తాళం వేశాను. ఇద్దరం విమానమెక్కి, వేసవంతా గడపడానికి మా అక్కావాళ్ళింటికి వెళ్ళాం. చీరల మధ్య పాత బనీను చుట్టుకుని ఆ బుల్లి నూనె సీసా కూడా మాతో వచ్చింది. నేను చూశాను, పోనీలే అనుకుని ఊరుకున్నాను.

వెళ్ళిన కొద్ది రోజులకే వంటింటి కుళాయి కారడం మానేసింది. తర్వాత కిటికీ గడియలు, ఇస్త్రీపెట్టె వైరు, మేడమెట్ల పక్క ఊగే కమ్మీ. "అయ్యో, ఎందుకండీ మరిదిగారూ, సెలవుకొచ్చి ఈ చాకిరీ. వద్దండీ" అనేది అక్క. ఈయన నవ్వేసి పని కానిచ్చేవారు. ఆయన్ననాల్సిన పనేముంది, మా రెండు కుటుంబాల్లోనూ వద్దంటే ఆగినవాడు పుట్టలేదు. కాఫీ తాగుతావా అంటే వద్దంటాం. మళ్ళీ అడిగితే మళ్ళీ వద్దంటాం. గ్లాసు తెచ్చి చేతిలో పెడితే ఊదుకుంటూ తాగుతాం. వద్దు అనేది మాకు మాట కాదు, మర్యాద.

ఆ ఇంట్లో అక్కా బావగారూ కాక పెద్దాయన ఉండేవారు. అక్క మామగారు. సిటీ బస్సు కండక్టరుగా చేశారు. "కాస్త మతిమరుపు, అంతే" అని అక్క మొదటి రోజే చెప్పి మాట మార్చేసింది. ఆయన మావారిని మేస్త్రీ అని పిలిచేవారు. నన్నయితే పూటపూటా కొత్తగా చూసి, "ఎక్కడ దిగాలమ్మా?" అని అడిగేవారు. "చివరి స్టాపు మావయ్యగారూ" అంటే, "కూర్చోండి, చాలా టైముంది" అని కుర్చీ చూపించేవారు. నాకాయన మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అక్కకి ప్రేమ కాదు, ప్రాణం. అత్తగారు లేని ఇంటికి కోడలిగా వస్తే, పక్కన నిలబడి అన్నం వార్చడం దగ్గర్నుంచి నేర్పింది ఆయనేనట.

ఇక ఆయన గది తలుపు. తెరిస్తే పిల్లి తోక తొక్కినట్టు అరిచేది, మూస్తే ఇంకో పిల్లి తోక తొక్కినట్టు. మా ఆయన చెవులకి అదొక శిక్ష.

"దీని సంగతి చూస్తాను వదినగారూ" అన్నారొకరోజు.

అక్క గరిటె పట్టుకుని వంటింట్లోంచి బయటికొచ్చింది. "అది మాత్రం వద్దు మరిదిగారూ. దాని జోలికెళ్ళకండి. అలాగే ఉండనివ్వండి."

"మా వదినగారు అన్నిటికీ వద్దంటారు" అని నవ్వారు ఈయన. అక్క నవ్వలేదు. కారణం కూడా చెప్పలేదు. కుళాయికన్న వద్దుకీ, తలుపుకన్న వద్దుకీ తేడా ఉందని నాకు కొంచెం తోచింది. పొయ్యి మీద ఏదో మాడుతోందేమోలే, ఆ చిరాకు అనుకున్నాను.

సెలవు సగంలో ఉండగా ఒక ఆదివారం అక్క ఆడపడుచు వచ్చింది. అదే ఊళ్ళో మందుల షాపు నడుపుతుంది. మాట కూడా చీటీ చూసి ఇచ్చినట్టు, ఎంత కావాలో అంతే ఇస్తుంది.

"నాన్నకొక చోటు చూశాను. డాక్టర్లుంటారు, గేటుకి కాపలా ఉంటుంది" అంది.

"నేనుండగా ఎందుకు వదినా. ఆయనకి నా చేతి ముద్ద అలవాటు" అంది అక్క.

"నీ మీద కోపమా ఏంటి నాకు. ఇంకొక్కసారి ఏదన్నా జరిగితే మాత్రం నేనాగను, ముందే చెప్తున్నా."

ఇంకొక్కసారి ఏంటక్కా అని తర్వాత అడిగాను. "ఏదోలేవే చిట్టీ, ప్రతి ఇంట్లోనూ ఉండేవే" అని బట్టలు మడతపెట్టుకుంది. ఆరేడేళ్ళకోసారి వచ్చే చెల్లెలి ముందు ఇంటి గుట్టు విప్పడం దానికిష్టం లేదు. నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు.

*

మర్నాడు సాయంత్రం విమానం అనగా, ఆ పొద్దున్న అక్క మాకు పెట్టివ్వడానికేవో కొనాలని బజారుకెళ్ళింది. పెద్దాయన వరండాలో కూర్చుని వీధిలో పోయే బస్సుల్ని చూస్తున్నారు. నేను గదిలో సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగుతున్నాను. మా ఆయన వచ్చి చెయ్యి పట్టుకుని లేవదీశారు.

"ఒకసారి రా. చూద్దువు గాని."

పెద్దాయన గది తలుపు తెరిచారు, మూశారు. మళ్ళీ తెరిచారు. గాలి కదిలిన చప్పుడు కూడా లేదు.

"మనం వెళ్ళిపోయాక ఈ తలుపు తీసినప్పుడల్లా మీ అక్క నన్ను తలుచుకుంటుంది" అన్నారు. ఆ మొహంలో ఎంత వెలుగో. వేసవంతా తిన్న తిండికి ఇన్నాళ్ళకి లెక్క సరిపోయినట్టుంది ఆయనకి. నాకూ ముచ్చటేసింది. అక్కకి చెప్పకండి, తనే చూసుకుని ఆశ్చర్యపోవాలి అని కూడా అన్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దాయన్ని పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, హాల్లో సోఫా మీద వాలింది అక్క. తలుపు వేసేటప్పుడు చేతిలో మంచినీళ్ళ చెంబుంది, నోట్లో మా సామాన్ల గొడవుంది. అది పలకలేదన్న సంగతి దానికి పట్టలేదు. వాళ్ళ పడకగదిలో ఏసీ ఉంది. ఉన్నా వేసవంతా రోజూ ఆ సోఫాలోనే, చెమటలు కక్కుకుంటూ పడుకునేది. మా అక్క పిసినారితనం చూడండి, కరెంటు బిల్లుకి భయపడుతోంది అని మావారి దగ్గర నవ్వాను కూడా. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"చిట్టీ, మావయ్యగారు మీ గదిలో ఉన్నారా?" అన్న పిలుపుకి లేచాను. పెద్దాయన గది తలుపు బార్లా తెరిచి ఉంది. వీధి తలుపూ అంతే. చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి.

ముగ్గురం రోడ్డున పడ్డాం. ఎండ నడినెత్తిన ఉంది, తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. అక్క కొంగు జారిపోతున్నా చూసుకోకుండా నడుస్తూ మాట్లాడుతోంది, నాతోనో తనతోనో.

"వీధి తలుపుకి తాళం వేస్తే తల బాదుకుంటారే. చూడలేం. అందుకే ఆ గది తలుపు అలా ఉంచా. ఎంత ఆదమరిచి పడుకున్నా ఆ అరుపుకి లేచేదాన్ని. ఇదివరకు రెండుమూడు సార్లు గుమ్మం దాకా వెళ్తే దానివల్లే పట్టుకున్నా. ఒక్కసారి మాత్రం నేను బజారుకెళ్ళినప్పుడు దాటిపోయారు. అది పట్టుకునే మా వదిన ఇంత గోల. మీ బావగారు దానికి నూనె పెడతానంటే చెయ్యి పట్టుకుని ఆపా. మరిదిగారిక్కూడా చెప్పా వద్దని, కదండీ మరిదిగారూ? ఇవాళేంటో వినపడనే లేదు. చచ్చినట్టు నిద్రపోయుంటాను."

మా ఆయన మాకు రెండడుగుల వెనకాల ఉన్నారు. నడక ఆగింది. నేను వెనక్కి తిరిగాను. ఆయన నా మొహం చూడలేదు. "నేనటు చూసొస్తా" అని పక్క సందులోకి మళ్ళారు.

సాయంత్రానికి దొరికారు పెద్దాయన. బావగారు ఆఫీసు నుంచి అటే స్కూటరేసుకుని వెతుక్కుంటూ బస్సు డిపోకి వెళ్తే, కడగడానికి నిలిపిన బస్సులో కండక్టరు సీట్లో కూర్చుని ఉన్నారట. డ్యూటీకి లేటైంది, బండి తియ్యండి అంటున్నారట. ఎవరో మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టారు. ప్రాణానికేం కాలేదు. అరికాళ్ళు మాత్రం రెండూ బొబ్బలెక్కిపోయాయి. ఆ కాళ్ళు చూశాక నేను వంటింట్లోకెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాను.

*

ఆడపడుచు మందులు తెచ్చి తండ్రి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. దూదితో తుడుస్తూనే అడిగింది. గొంతు పెంచలేదు.

"తలుపు తీస్తే వీధికంతా వినపడుతుందన్నావు నాతో."

"అవును వదినా."

"మరి?"

"నిద్రపోయాను" అంది అక్క. "మొద్దునిద్ర పట్టేసినట్టుంది."

"పగలు పడుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను" అన్నారు బావగారు. అనేసి ఆయనే తల దించుకున్నారు. కానీ అన్న మాట అన్నట్టే ఉండిపోయింది గదిలో.

మా ఆయన గుమ్మం పక్క కుర్చీలో కాఫీ గ్లాసుతో కూర్చున్నారు. కాఫీ మీద మీగడ కట్టింది. నేను ఆయన్నే చూస్తున్నాను. ఇప్పుడు చెప్తారు, ఇదిగో ఇప్పుడు, గొంతు సవరించుకున్నారు, చెప్తారు అనుకుంటున్నాను. గ్లాసు కింద పెట్టి మళ్ళీ తీసుకున్నారు. నాకూ నోరుంది. ఆ నోటితోనే ఆ పొద్దున్న అక్కకి చెప్పకండి అన్నాను. ఇప్పుడు దానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"రేపు పొద్దున్నే కారు తెస్తాను. నాన్న బట్టలు సర్ది ఉంచు" అంది ఆడపడుచు.

అక్క సరేనంది. మా అక్క, కూరగాయల బండివాడితో కూడా గెలిచేదాకా వదలని మనిషి, ఒక్క మాట అనకుండా తలూపి సరేనంది.

పెద్దాయన గదిలోకి నీళ్ళనీ, మందనీ అందరూ తిరుగుతూనే ఉన్నారు. ఆ తలుపు ఎవరూ వెయ్యలేదు.

మా గదిలోకొచ్చాక నేను తలుపేసి, గొంతు తగ్గించి అన్నాను. "వెళ్ళి చెప్పండి."

"ఏమని చెప్పమంటావ్?"

"ఏం చేశారో అది."

ఆయన మంచం అంచున కూర్చుని అరచేతులు చూసుకున్నారు. "వేసవంతా వాళ్ళింట్లో కూర్చుని తిని, వద్దన్న పని చేసి, ముసలాయన్ని ఎండలో నడిపించి... ఏ మొహం పెట్టుకుని చెప్పనే? రేపు సాయంత్రానికి వెళ్ళిపోతాం. ఇంటికెళ్ళాక ఫోన్‌లో చెప్తాను. నెమ్మదిగా."

"రేపు పొద్దున్నే పెద్దాయన్ని తీసుకుపోతారు. మీ నెమ్మది ఎవరికోసం?"

ఆయన దిండు సర్దుకున్నారు.

"మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

"నువ్వు చెప్తే నేను చెప్పినట్టవుతుందా?" అన్నారు. ఆ మాట నిజమే. అది అడ్డంపెట్టుకుని నేనూ మంచమెక్కి పడుకున్నాను. పక్క గదిలో అక్క మామగారి బట్టలు సర్దుతున్న అలికిడి వినపడుతోంది. కట్టుకున్న మనిషిని చూసి సిగ్గుపడటం ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. వెళ్ళి చెప్పగలిగి కూడా దుప్పటి కప్పుకున్న నన్ను చూసి ఎంత పడాలో నాకే తెలియలేదు.

*

పొద్దున్న లేచేసరికి పక్క ఖాళీ. బయట ఎవరో సుత్తితో చిన్నగా కొడుతున్నారు.

మా ఆయన పెద్దాయన గది ముందు పాత పేపరు పరుచుకుని కూర్చున్నారు. పై బందు చీల ఊడదీసి ఉంది. పక్కన సబ్బునీళ్ళ మగ్గు, ఇటుక ముక్క, గుడ్డపేలికలు. చీలని నేలకేసి కొట్టి వంచుతున్నారు. బిగించి తలుపు ఆడించారు. చప్పుడు లేదు. మళ్ళీ ఊడదీశారు.

"పలకడం లేదే" అన్నారు నన్ను చూసి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సబ్బు పెట్టి కడిగాను. ఇటుకపొడి వేశాను. నోరు మూయించడం క్షణంలో పని. పలికించడం నాకు రావడం లేదు."

ఇంకొకప్పుడైతే ఎంత నవ్వేదాన్నో. పక్కన కూర్చుని మగ్గు అందించాను.

గేటు దగ్గర కారు ఆగింది. ఆడపడుచు లోపలికొచ్చింది. అక్క పెద్దాయన గదిలోంచి చిన్న సంచీ ఒకటి పట్టుకుని వచ్చింది. వెనకాల బావగారు తండ్రిని పట్టుకుని నడిపిస్తున్నారు. కాళ్ళకి కట్లు. గుమ్మానికడ్డంగా ఈయన పేపరూ, సామానూ.

"ఏం చేస్తున్నారండీ అక్కడ?" అంది ఆడపడుచు.

ఆయన లేచి నిలబడ్డారు. చేతులకంటిన ఇటుకపొడి పంచెకి తుడుచుకున్నారు.

"వదినగారు నిద్రపోలేదండీ" అన్నారు. "నిన్న పొద్దున్న ఈ తలుపుకి నేను నూనె పెట్టాను. వద్దన్నారు, అయినా పెట్టాను. సాయంత్రం మీరందరూ ఆవిణ్ణి అంటుంటే ఇక్కడే కూర్చుని విన్నాను. చెప్పలేదు."

ఆడపడుచు ముందుకొచ్చి ఒక వేలితో తలుపు తోసింది. అది గోడ దాకా మెత్తగా వెళ్ళింది. ఇటు లాగింది, అంతే మెత్తగా వచ్చింది.

"మీకు సిగ్గనిపించలేదా?" అంది.

"అనిపించిందండీ" అన్నారు మా ఆయన.

ఆమె అక్క వైపు తిరిగింది. "నిద్రపోలేదని నువ్వన్నా చెప్పచ్చు కదా. ఎందుకు ఒప్పుకున్నావ్?"

"ఏమో వదినా" అంది అక్క. "మెలకువగానే ఉన్నట్టు గుర్తు. కళ్ళు మూసుకుని విమానానికి వీళ్ళకేం కట్టివ్వాలా అని ఆలోచిస్తున్నా. కానీ తలుపు వినపడలేదు కదా. మరి నిద్రపోయానేమోలే అనుకున్నా. నాకూ మావయ్యగారిలా అవుతోందేమోనని నిన్నటి నుంచీ ఒకటే భయం."

బావగారు తండ్రి చెయ్యి వదల్లేక, అక్క దగ్గరికి రాలేక అక్కడే నిలబడిపోయారు.

ఆడపడుచు అక్క చేతిలో సంచీ తీసుకుంది. కారు దగ్గరికి కాదు, గదిలోకి తీసుకెళ్ళి మంచం మీద పెట్టింది. "కాళ్ళకి రెండు పూటలా మందు రాయి. ఈ నెల చూస్తాను" అంది. గుమ్మం దాటుతూ మా ఆయన వైపు చూడకుండా, "అది పలికేదాకా బాగుచెయ్యండి" అంది.

సాయంత్రం దాకా చేశారు. మేం బయల్దేరే వేళకి తలుపు సగం తెరిచాక గొంతు పట్టేసిన మనిషిలా చిన్నగా కీచుమంది. "కొన్నాళ్ళు ఆడితే వస్తుందండీ" అన్నారు బావగారితో. బావగారు సరే తమ్ముడూ అన్నారు. అంతకు ముందురోజు దాకా భుజమ్మీద చెయ్యి వేయకుండా ఆ మాట అనేవారు కాదు.

ట్యాక్సీలో సామాను పెడుతుంటే వరండాలోంచి పెద్దాయన అడిగారు. "ఎక్కడ దిగాలమ్మా?"

ఆయన కట్ల వైపు చూసి దండం పెట్టాను.

అక్క ట్యాక్సీ దాకా వచ్చి, కట్టిన పొట్లాలు నా ఒళ్ళో పెట్టింది. కిటికీ మీద చెయ్యి వేసి వంగింది.

"నీకు నిన్ననే తెలుసా?"

"తెలుసు."

ఎండలో నడిచేటప్పటి నుంచా, సాయంత్రం నుంచా అని అడగలేదు. "మందులు చేతి సంచీలో పెట్టుకున్నావు కదా" అంది. చిట్టీ అనలేదు. ప్రతిసారీ బండి మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడుతుంది. ఈసారి నిలబడిందో లేదో తెలియదు, నేను వెనక్కి చూడలేదు.

*

ఇంటికొచ్చాక వానలు పట్టాయి. వారానికోసారి నేనే ఫోన్ చేసేదాన్ని. బాగున్నారా అంటే బాగున్నాం, మీరెలా ఉన్నారు అనేది. చుట్టాలతో మాట్లాడినట్టు మాట్లాడేది. కాళ్ళు మానాయని బావగారు చెప్పారు, అక్క కాదు. మా వంటింటి తలుపు ఆ వానలకి ఉబ్బి కిర్రుమంటోంది. మా ఆయన దాని పక్కనుంచే వెళ్తున్నారు, వస్తున్నారు. నూనె సీసా ఎక్కడ పెట్టారో నేనడగలేదు.

ఒక మధ్యాహ్నం ఫోన్ బల్ల మీద పెట్టి, స్పీకర్లో మాట్లాడుతున్నాను. ఈయన ఎదురుగా పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. అక్క వానల గురించి ఏదో పొడిపొడిగా అంటోంది. ఉన్నట్టుండి దాని వెనకాల తలుపు అరిచింది. పిల్లి తోక తొక్కినట్టు, వీధి చివరికి వినపడేలా.

"ఉండు, మావయ్యగారు లేచారు" అని అక్క ఫోన్ అక్కడే పడేసి వెళ్ళింది. పరుగు వినపడింది. "ఎక్కడికి మావయ్యగారూ?" "డ్యూటీకమ్మా." "ఇవాళ సెలవు. రండి, కాఫీ ఇస్తా." మళ్ళీ తలుపు, ఇంకో పిల్లి.

మా ఆయన పేపరు దించలేదు. "పై బందు" అన్నారు దాని వెనకాల నుంచి. "పలికింది." పేజీ తిప్పబోయి, మళ్ళీ అదే పేజీ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. చూడనట్టు ఫోన్ వైపు తిరిగాను.

చాలాసేపు ఎవరూ రాలేదు. పెట్టేసిందేమో, మర్చిపోయిందేమో అనుకుంటూ కూడా నేను ఫోన్ ముందే కూర్చున్నాను. అప్పుడు గాజుల చప్పుడైంది.

"చిట్టీ, లైన్లో ఉన్నావుటే?"

"ఉన్నానక్కా" అన్నాను.